అడగకుండా వేసిన ఐదు

నాకు చదువులో దక్కిన నిజమైన మార్కు ఒక్కటే, అది మూడు. ఐదుకి మూడు. చదివింది సోవియట్ దేశంలో, వంతెనల ఇంజనీరింగు. మా నాన్న కమ్యూనిస్టు పార్టీ మనిషి. బెజవాడ నుంచి నన్ను అక్కడికి తోలాడు. ఫీజు లేదు, హాస్టల్ ఉచితం, పైగా నెలనెలా స్టైపెండు. అక్కడ పరీక్షంటే రాసేది కాదు. బల్ల మీద ప్రశ్నల చీటీలు బోర్లా పరిచి ఉంటాయి. ఒకటి తీసుకుని, కాసేపు ఆలోచించుకుని, పాఠం చెప్పిన మేష్టారి ఎదురుగా కూర్చుని నోటితో చెప్పాలి. వాళ్ళు అడ్డు ప్రశ్నలు వేస్తారు. ఐదు వస్తే గొప్ప, రెండు వస్తే ఫెయిలు.

రెండో ఏడు దూలాల లెక్కలు చెప్పిన మేడమ్ నాకు రెండు వేసింది. వేసి ఊరుకుందా మహాతల్లి! "ఆదివారం ఇంటికి రా" అంది. వెళ్తే టీ, నల్ల రొట్టె, చెర్రీ జామ్ పెట్టి, ఆ వంటింటి బల్ల దగ్గరే మొదట్నుంచీ మళ్ళీ చెప్పింది. ఆ చలికాలం ఆదివారాలన్నీ అక్కడే గడిచాయి. నాకు ఒళ్ళు మండేది. నేను పాసైతే ఈవిడకేం ఒరుగుతుంది అనుకునేవాణ్ణి. చచ్చీ చెడీ చివరికి మూడు తెచ్చుకున్నాను. దూలం ఎక్కడ వంగుతుందో, ఎక్కడ విరుగుతుందో నిద్రలో లేపి అడిగినా ఇప్పటికీ చెప్తాను.

తర్వాత ఆ దేశమే లేకుండా పోయింది. అవే గదులు, అవే నల్లబల్లలు, కానీ డీన్ గది బయట ఫీజుల బోర్డు వెలిసింది. మాలాంటి విదేశీ పిల్లలు డాలర్లు కడితేనే చదువు. వాటితోనే మేష్టార్ల జీతాలు, అవీ అందితే అందినట్టు. ఆఖరి ఏడు వంతెనల డిజైన్ పరీక్షా ఆ మేడమ్‌దే. చీటీ తీసుకుని, భయపడుతూ వెళ్ళి కూర్చున్నాను. ఆవిడ కుర్చీ పక్కన సంచీ నిండా ఉన్ని మేజోళ్ళు, సాయంత్రం మెట్రో స్టేషన్ దగ్గర అమ్ముకోడానికి. నేను నోరు తెరిచేలోపే ఐదు వేసేసింది.

"అడగరా మేడమ్?" అన్నాను.

"నీకు రెండు వేస్తే డీన్ వచ్చి నన్నడుగుతాడు, నిన్ను కాదు. వెళ్ళు బాబూ, ఆలస్యమైతే అక్కడ నాకు చోటు దొరకదు."

ఆ రాత్రి స్నేహితులకి పార్టీ ఇచ్చాను, వెర్రివెధవని. ఆ ఐదుతో ఒక్క వంతెనా కట్టలేదు, కట్టే ధైర్యం ఎన్నడూ రాలేదు. హైదరాబాదులో కంప్యూటర్ కోర్సు చేసి, సాఫ్ట్‌వేర్‌లో పడి, ఆ దారినే ఐర్లండ్ వచ్చాను.

లాక్‌డౌన్ వచ్చేటప్పటికి పోర్ట్‌లీష్‌లో అద్దెకుంటున్నాం. నా భార్య ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ నుంచి వచ్చి, వెనక తలుపు దగ్గరే బట్టలు మార్చుకుని, మమ్మల్ని ముట్టుకోకుండా పైకెళ్ళిపోయేది. నా ఆఫీసు వంటింటి బల్ల మీద. మా అమ్మాయి డబ్లిన్‌లో సివిల్ ఇంజనీరింగు మూడో ఏడు. యూనివర్సిటీ మూసేస్తే ఇంటికొచ్చి చిన్న గదిలో లాప్‌టాప్ ముందు పడింది. క్లాసులన్నీ రికార్డింగులే. డౌటు అడిగితే ఇంకో రికార్డింగు లింకు పంపేవారు. ఎవరికి పుట్టిన బిడ్డరా ఎక్కెక్కి ఏడుస్తోంది అన్నట్టుండేది దాని చదువు. ఇది కష్టకాలం గనక ఎవర్నీ ఫెయిల్ చెయ్యబోమని మెయిల్ కూడా వచ్చింది.

"డాడీ, నాకు ఒక్క ముక్క అర్థం కావట్లేదు. నువ్వు చదివిందే కదా, చెప్పు" అని ఓ రోజు ఇంగ్లీషులో అడిగింది. దానికి తెలుగు అర్థమవుతుంది గానీ నోట రాదు. నా ముందుకి తెచ్చిపెట్టింది వంతెన డిజైను. దూలం వరకూ చకచకా చెప్పాను. అక్కణ్ణుంచి అసలు వంతెన మొదలైంది, నా నోరు మూతపడింది. ఐదు వచ్చిన సబ్జెక్టు మరి!

పరీక్ష ఇంట్లోంచే రాసింది. సగం ఖాళీగానే పంపానని ఏడ్చింది. ఫలితం వచ్చింది, పాస్. నా భార్య పై నుంచే "ప్రభువుకి స్తోత్రం" అంది. అమ్మాయి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"తప్పులెక్కడున్నాయో చూపించమని మేష్టారికి రాయి. కావాలంటే మళ్ళీ పరీక్ష రాస్తానను" అన్నాను. రాసింది. పాసయ్యావుగా, యూ ఆర్ గ్రాండ్, ఏం ఫర్వాలేదు, వేసవి హాయిగా గడుపు అని జవాబొచ్చింది. ఆయన్ని ఏమంటాం? ఆయనా ఏడాది కాంట్రాక్టు మనిషే. అక్కడ ఒక దేశం కూలిపోతే వచ్చిన పద్ధతి, ఇక్కడ చప్పుడు లేకుండా ఎప్పుడో వచ్చి కూర్చుంది.

"నాకేం రాదని వాళ్ళకి తెలుసు కదా డాడీ?"

"తెలుసు."

"మరి నీ సర్టిఫికెట్‌లో ఈ సబ్జెక్టుకి ఐదుందే, అదెలా వచ్చింది?"

చెప్పాను, మేజోళ్ళతో సహా. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. లాప్‌టాప్ మూసి నా వైపు చూసింది.

"అంటే రేపు నేను వంతెన కడతానన్నా ఎవరూ ఆపరన్నమాట."

ఆదివారం కూర్చుందాం రా, మొదట్నుంచీ చెప్తాను అనాలనిపించింది. కానీ చెప్పడానికి దూలం దాటి నా దగ్గరేముంది?

"ఆపరమ్మా," అన్నాను.