రాయి తీశాక నీళ్లు నా చేత తాగలేదు

సూర్యాపేటలో ఒకరోజు పొద్దున నా కొడుకు బిడ్డ శ్రావణి మూత్రానికి కూర్చొని పొత్తికడుపు పట్టుకొని ఏడ్చింది. అప్పటికి దానికి నాలుగేళ్లు. చూస్తే మూత్రం ఎర్రగా ఉంది. వేడి చేసిందనుకొని సబ్జా నీళ్లు ఇచ్చాను. సాయంత్రానికి వాంతులు.

కోడలు రెండో కాన్పయి కోదాడలో తల్లిగారింట ఉంది. శ్రావణి కూడా కొన్నాళ్లు అక్కడే ఉండి, అమ్మమ్మకు అలవాటై వచ్చింది. నేనేం చేసినా "అమ్మమ్మ గిట్ల చెయ్యదు" అనేది. నాకు ఒళ్లు మండేది.

కొడుకు మిర్యాలగూడలో రైస్ మిల్లులో పని చేస్తాడు. పిల్లను అక్కడికే తీసుకుపోయాం. డాక్టర్ స్కాన్ తీయించి ఎడమ కిడ్నీలో స్టోన్ ఉందన్నారు.

"ఇంత చిన్న పిల్లకు రాయేంది సారూ? ఉలవచారు పోస్త."

"పిల్లలకూ వస్తదమ్మా. ఉలవచారు అన్నంల పోసుకో, రాయికి కాదు."

హైదరాబాద్ దవాఖానకు పంపారు. అక్కడి డాక్టరమ్మ "పెద్ద కోత ఉండదు. వీపు మీద చిన్న రంధ్రం చేసి, సన్న గొట్టంలోంచి రాయిని పొడి చేసి తీస్తాం. పీసీఎన్‌ఎల్ అంటారు" అని చెప్పింది.

ఆపరేషన్ బాగానే అయింది. మర్నాడు జ్వరం. ఇన్‌ఫెక్షన్ అని యాంటీబయాటిక్ మార్చారు, నీళ్లు బాగా తాగించమన్నారు. కాచి చల్లార్చిన నీళ్లు గ్లాసులో పోస్తే పిల్ల పెదవులు బిగబట్టింది. బతిమాలాను, బెదిరించాను.

"అమ్మమ్మ పోస్తెనే తాగుత."

అమ్మమ్మ కోదాడ నుంచి వచ్చి కింద వరండాలో కూర్చొని ఉంది. లోపలికి ఒక్కరికే పాస్. అది నా కొంగుకే కట్టుకున్నాను. చివరికి నర్సు మూత్రం సంచి చూసి, "చానా తగ్గింది పెద్దమ్మా. ఎవలు తాపితే తాగుతదో ఆమెను తోలియ్యి" అన్నది.

కిందికి దిగి, కొంగుముడి విప్పి పాస్ ఆమె చేతిలో పెట్టాను. "పో వదినా, నీ మన్మరాలు నిన్నే అడుగుతంది."

"నీకు మనవరాలు కాదా వదినా?"

"నాదైతే నా చేత తాగకపోవునా?"

ఆమె నవ్వింది. "మందేం పెట్టలేదులే. ముందు నేను తాగుతాను, తర్వాత అది తాగుతుంది, అంతే."

ఆమె వెనకే మెట్లెక్కి, బయటే నిలబడి వార్డు తలుపు అద్దంలోంచి చూశాను. ఆమె తన గ్లాసులో ఒక గుక్క, పిల్ల తన గ్లాసులో ఒక గుక్క. పిల్ల నవ్వుతోంది. ప్రాణం కుదుటపడింది, ఒళ్లూ మండింది.

జ్వరం తగ్గింది. ఆపరేషన్ అప్పుడు మూత్రం దిగే దారిలో పెట్టిన స్టెంట్ అనే సన్న గొట్టాన్ని కొన్ని వారాలకు మళ్లీ మత్తిచ్చి తీశారు.

ఇప్పుడు శ్రావణి బడికి పోతోంది. స్కాన్‌లో రాయి లేదు. రోజూ దానితోపాటు నేనూ గుక్కకు గుక్క తాగుతున్నాను. అయినా ఫోన్‌లో "అమ్మమ్మా, నీళ్లు నీ దగ్గరనే మంచిగుంటయి" అంటుంది, నేను వింటుండగానే.

మీ ఇంట్లో పిల్లకు ఈ ఆపరేషన్ అయితే, ఎవరి చేత నీళ్లు తాగుతుందో వాళ్లనే మంచం దగ్గర కూర్చోబెట్టండి. మనం ఓర్చుకోవచ్చు, కిడ్నీ ఓర్చుకోదు.