తువ్వాలు కింద బేరం

మొన్న పొద్దున్న టీ తాగుతుంటే బల్ల మీద ఫోను ఎంత గట్టిగా వణికిందంటే, గ్లాసు తనంతట తనే నడుచుకుంటూ అంచుదాకా వెళ్ళి, దూకాలా వద్దా అని ఆలోచనలో పడింది. చూస్తే, అనకాపల్లి బెల్లం మార్కెట్లో ఒకప్పుడు కలిసి పనిచేసిన వాళ్ళం పెట్టుకున్న వాట్సాప్ గ్రూపు. ఎక్కడో ఇద్దరు మగవాళ్ళు దండలు మార్చుకుంటున్న వీడియో ఎవరో పెట్టారు. దాని కింద పసుపు మొహాలు పళ్ళికిలించి, కన్నీళ్ళు కార్చుకుంటూ దొర్లుతున్నాయి. వాటన్నిటి కింద మా బావ రాసిన ఒక్క వాక్యం: "మన కాలంలో ఇలాంటి రోగాలు లేవు."

బావంటే చుట్టరికం కాదు. మా మార్కెట్లో తన ఈడు మగాడల్లా బావే, పెద్దవాడైతే మామ. గ్రూపు నిండా బావలే. అయినా నా మనసులో బావ అనుకుంటే గుర్తొచ్చేది ఈ ఒక్కడే. ఇంకెవరు రాసినా ఆ మాటను తుడిచేసుకుని టీ తాగేసేవాణ్ణి. ఇతను రాశాడు కాబట్టి టీ చల్లారిపోయింది.

నా ఈడువారికి తెలుసు, అప్పట్లో మా మార్కెట్టంటే మార్కెట్టు కాదు, బెల్లంతో కట్టిన ఊరు. దిమ్మల మీద వాలే ఈగల్ని జనాభాలో కలిపి ఉంటే మాకు ఎప్పుడో జిల్లా ఇచ్చేసేవారు. నేను ఒక షావుకారు కొట్లో గుమస్తాను, రైతుల సరుకు అమ్మిపెట్టే పక్షం. బావ ఒరిస్సా వైపు బెల్లం పంపే వర్తకుడి తరఫున కొనే పక్షం. మంచి రంగున్న దిమ్మలు నలుగురిలో వేలానికి పోయేవి గానీ, మిగిలిన రంగు తక్కువ సరుకు బేరం మాత్రం పాత పద్ధతిలో తువ్వాలు కింద జరిగేది. అమ్మేవాడూ కొనేవాడూ ఎదురెదురుగా కూర్చుని, చేతుల మీద తువ్వాలు కప్పుకుని, ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని ధర చెప్పుకోవాలి. పట్టిన వేళ్ళను బట్టి అంకె. చుట్టూ ఊరంతా నిలబడి ఉన్నా ధర ఆ ఇద్దరికే తెలుస్తుంది.

ధర తేలడానికి ఎంతసేపు పడుతుంది? తుమ్మినంతసేపు. మాకు మాత్రం తేలేది కాదు. అంటే ధర తేలిపోయేది, చేతులే తేలేవి కావు. మేము వేళ్ళు కలిపినప్పుడు స్టేషన్లో ఆగిన పాసింజరు, వదిలేసరికి తుని దాటిపోయేదంటే మీరు నమ్మరు, నమ్మకండి. ఇద్దరం మొహాలు గంటు పెట్టుకుని, మధ్యమధ్య తలలు అడ్డంగా ఊపుతూ ఉండేవాళ్ళం. కింద మాత్రం అతని బొటనవేలు నా అరచేతిలో నెమ్మదిగా తిరుగుతూ ఉండేది. పట్టపగలు, అంత జనం నడుమ, కళాసీలు బస్తాలు మోసుకుంటూ మమ్మల్ని దాటుకుని పోతుంటే. నా జన్మలో నాకు దొరికిన కాపురం అంతే, ఆ తువ్వాలంత.

దీనికి మార్కెట్టు చెప్పుకున్న అర్థం వేరు. ఇంతసేపు బేరం నడిచిందంటే సరుకులో ఏదో ఉందని తక్కిన వర్తకులు ముక్కులు ఎగబీల్చేవారు. ఎవరూ ముట్టని దిమ్మలకు గిరాకీ లేచేది. మా షావుకారు మీసం తిప్పి, "మావోడు బేరానికి కూకున్నాడంటే కొనీవోడి గుండె జారిపోవాల" అని చాటుకునేవాడు. చీడికాడ నుంచి బండి కట్టుకొచ్చే ఒక రైతు మామ అయితే నా గడ్డం పట్టుకుని, "బాబ్బాబు, నా సరుకు మీ ఇద్దరి తువ్వాలు కిందే ఎట్టాల, ఇంకెవులికీ ఇయ్యకు" అని బతిమాలేవాడు. ప్రేమ వల్ల రైతు బాగుపడిన ఊరు దేశం మొత్తం మీద మాదొక్కటేనేమో.

తరవాత బావకి రావికమతం సంబంధం కుదిరింది. పెళ్ళిలో నేను తిన్నన్ని బూరెలు ఆ పందిట్లో ఇంకెవరూ తినలేదు. నోరు ఖాళీగా ఉంటే ఏం మాట్లాడతానో అని భయం. సెలవయ్యాక అతను మార్కెట్టుకి వచ్చిన రోజున, రైతు మామ సరుకు ముందు ఎప్పటిలాగే కూర్చున్నాం. తువ్వాలు కప్పాను. చటుక్కున ధర చెప్పి, మరుగుతున్న పాకం తగిలినట్టు చెయ్యి లాగేసుకున్నాడు. పక్కనే బస్తా దించుతున్న కళాసీ నోరు తెరిచి, "ఏటి బావా, ఈయేళ ఇంత బేగి తేలిపోనాదేటి? సరుకు సచ్చిందా?" అన్నాడు. జనం నవ్వారు, బావ అందరికంటే గట్టిగా నవ్వాడు. మేము అంత తొందరగా లేచిపోయామంటే సరుకు చెడిందన్నమాటేనని మార్కెట్టంతా తేల్చేసి, ఆ దిమ్మల్ని మరి ముట్టలేదు. ఏమైందని రైతు మామ నా వంక చూశాడు. ఉన్న జవాబు చెప్పేది కాదు.

కొన్నాళ్ళకి మార్కెట్టు మానేసి అచ్యుతాపురం వైపు ఒక మందుల కంపెనీలో చేరాను. అక్కడ ఇప్పుడు కాలం మారింది, మారలేదంటే పాపం. ఈమధ్యనే అందరినీ హాల్లో కూర్చోబెట్టి, గుండెలకి ఇంద్రధనుస్సు రంగుల బ్యాడ్జీలు గుచ్చి, "మీరు మీలాగే ఉండండి" అని చల్లటి గదిలో ఇంగ్లీషులో చెప్పారు. ఆ వారంలోనే పండగ డ్యూటీలు పంచినప్పుడు, "మీకేటి సార్, పెళ్ళాలా పిల్లలా" అని నాకే వేశారు. నాలా నేను ఉండడానికి వాళ్ళు ఇచ్చిన చోటు అదీ, ఎవరూ లేని ఆఫీసు.

ఆ పొద్దున్న ఇవన్నీ మింగుతూ ఫోను పట్టుకుని కూర్చున్నాను. ఊరుకుంటే ఆ "లేవు" అన్న మాటే మిగిలిపోతుంది. నేను పోయాక కూడా మా కాలం గురించి అదే సాక్ష్యం. అతని ఊసు ఎత్తలేదు, ఎత్తను కూడా. నా సంగతి మాత్రం రాశాను: "ఉండేవి బావా. నాకుండేది. రోగం కాదు." పంపాను.

అందరూ చూశారు, నీలం గీతలు చెబుతూనే ఉన్నాయి. కాసేపటికి ఎవరో మామ పువ్వుల మీద మంచు బిందువులు పెట్టి శుభోదయం చెప్పారు, దానికి అందరూ దణ్ణాలు పెట్టారు. ఆ తరవాత విడిగా నాకొక్కడికే బావ దగ్గర్నుంచి మాట వచ్చింది, ఇన్నేళ్ళలో మొదటిసారి: "ఎందుకురా ఇప్పుడు. పిల్లలు సూత్తారు. తీసెయ్."

వేలు పెట్టి నొక్కితే పోతుంది, అంత సుళువు. మా కాలంలో ఈ బాధ ఉండేది కాదు, చెరపడానికి మేము ఎక్కడా ఏమీ రాసుకోలేదు కదా. అందుకే మేము లేమని ఇవాళ ఎవరైనా ధైర్యంగా అనగలుగుతున్నారు, మాలో ఒకడు కూడా. తీసెయ్యలేదు. రోజూ వచ్చి పడుతున్న పువ్వుల కింద, దణ్ణాల కింద అది అలాగే ఉంది.