గేటు దాటిన కీరదోస విత్తనాలు

మలయాకు మెర్డెకా, అంటే స్వాతంత్ర్యం, రాకముందు, అడవిలో కమ్యూనిస్టుల కోసం సైన్యం వేటాడుతున్న రోజుల్లో, మా రబ్బరు తోట ఇళ్ల చుట్టూ ముళ్లకంచె వేశారు. అడవిలోవాళ్లకు తిండి అందకుండా, గుప్పెడు బియ్యం కూడా గేటు దాటకూడదు. అమ్మవాళ్ల తోటలోనూ అదే రూలు. నాకది తొలిచూలు. మా తోటలో తెలుగువాళ్లం నేనూ మా ఆయనా ఇద్దరమే. ఆయనేమో నోరు తెరిస్తే ముత్యాలు రాలతాయన్నట్టు ఉండేవాడు.

అమ్మ వచ్చి నాలుగు రోజులుంటే చాలనుకున్నాను. కానీ కడుపుతో ఉన్న కూతురి దగ్గరికి మావాళ్లలో తల్లి చలిమిడి లేకుండా రాదు. చలిమిడంటే బియ్యప్పిండీ బెల్లమే కదా, గేటు దగ్గరే లాక్కుంటారు. అమ్మవాళ్ల తోటలో లారీ నడిపే మామయ్య కబురు తెచ్చాడు.

"ఉత్త సేతుల్తోటి ఎలాగెల్తాను, నలుగురూ నవ్వరా అంతంది మీయమ్మ."

ఇక్కడి నలుగురికీ చలిమిడంటే ఏమిటో కూడా తెలీదు. నాకు ఒళ్లు మండింది.

తర్వాతి వారం మామయ్యే చిన్న కాగితం పొట్లం తెచ్చాడు. అమ్మ పనిచేసే బంగళా తోటలో దొరసాని నాటించగా మిగిలిన కీరదోస విత్తనాలు. రెండు జాతులు కలిపి చేసిన కొత్త రకమట, ఆరుబయట వేసినా అద్దాల గదిలో వేసినా అన్నిటికన్నా ముందు కాస్తుందట.

"ఇత్తనాలు తిండి కాదు గదా, ఒగ్గీసినారు," అన్నాడు.

వంటింటి గోడవారగా వేశాను. చూస్తుండగానే పాకి, పూసి, పిందె పట్టింది. ఎదురింటి తమిళ మంత్రసాని పిందెను వేలితో చూపించబోతే గయ్యిమన్నాను. కుళ్లిపోతుందని చెప్పడానికి తమిళం చాలక, నా వేలు మడిచి చూపించాను. ఆవిడ నవ్వి తన వేలూ మడిచింది.

మొదటి కాయ ఉప్పూకారం అద్దుకుని నిలబడే తిన్నాను. చేదన్నది లేదు. ఏడుపు మాత్రం ఆగలేదు. అప్పుడే ఉపాయం తోచి మామయ్యతో కబురు పంపాను: "నీ సేతి తిండి నీకన్నా ముందే వచ్చీసినాది. ఇంకేటి, రా."

శుక్రవారం బస్సుకు వస్తానంది అమ్మ. మంచి కాయ ఒకటి ఆమె కోసం తీగకే ఉంచాను. ఆ రోజు దారిలో కాల్పులు జరిగాయని బస్సులు ఆపేశారు. ఆ వారంలోనే నొప్పులొచ్చాయి. మంత్రసానే పురుడు పోసింది, తర్వాత నేను పనికెళ్తే పిల్లనీ ఆవిడే పెంచింది.

పుట్టిన పిల్లను చూడ్డానికైతే సారె లేకుండా అసలే రానంది అమ్మ. కంచె తీశాక నిండుగా వస్తానంది. తొందరగా కాసిన తీగ తొందరగానే ఎండిపోయింది. అమ్మ కోసం ఉంచిన కాయ పండితే, దాని గింజలు దాచి మళ్లీ వేశాను. కలిపి చేసిన రకం కదా, గిడసబారిన చేదు కాయలు వచ్చాయి.

మెర్డెకా వచ్చాక మా వైపు కంచెలు తీసేశారు. అమ్మ చలిమిడీ, అరిసెలూ, బియ్యం బస్తాతో బస్సు దిగింది. నా కూతురు నా చీర వెనక్కి నక్కి, ఆమెను ఎగాదిగా చూసి, ఎవరని నన్ను అడిగింది.

"ఇదు యారు?"

ఆ మాత్రం తమిళం అమ్మకూ వచ్చు.