మాస్టారి టైర్ల పట్టిక

అది 1983, వానాకాలం. అమలాపురంలో బస్టాండుకు రెండు సందుల అవతల నాకు టైర్ల కొట్టు ఉండేది. సత్యం గారి కొట్టంటే అందరికీ తెలుసు. అప్పటికే పన్నెండేళ్లుగా మోటారు సైకిలు టైర్లు అమ్ముతూ, బిగిస్తూ, పంక్చర్లు వేస్తూ ఉన్నాను. మా పనిలో అన్ని రకాల వాళ్లూ తగులుతారు. బేరమాడేవాణ్ని భరించవచ్చు, తొందరపెట్టేవాణ్నీ భరించవచ్చు. ప్రతిదీ కొలిచే మనిషి మాత్రం పగవాడికి కూడా వద్దు.

నాకు తగిలిన ఆ కొలతల మనిషి ప్రసాదరావు మాస్టారు. అంబాజీపేట దగ్గర పల్లెలో లెక్కలు చెప్పేవారు. భార్య సువార్తమ్మ గారు అమలాపురంలో నర్సు. ఆవిణ్ని రోజూ వెనక ఎక్కించుకుని, కాలువ గట్టు మీదుగా తెచ్చి ఆస్పత్రి దగ్గర దింపి, మళ్లీ బడికి పరిగెత్తేవారు. పెళ్లయిన ఎనిమిదేళ్లకు ఆవిడ నెల తప్పారు. ఆ మాట పొంగిపోతూ చెప్పి, బండికి మంచి వెనక టైరు కావాలన్నారు.

రెండు రకాలు చూపించాను. ఒకటి గట్టి రబ్బరుది. దాన్ని మేము హార్డ్ కాంపౌండ్ అంటాం. నెమ్మదిగా అరుగుతుంది, కానీ తడిలో గ్రిప్పు తక్కువ. రెండోది మెత్తనిది. నేలను బాగా పట్టుకుంటుంది, త్వరగా అరుగుతుంది. మాస్టారు జేబులోంచి స్కేలు తీసి ట్రెడ్డు, అంటే నేలకు ఆనే చోట ఉండే గాడుల లోతు, కొలిచారు. ప్రతి టైరునూ గోటితో నొక్కారు. మూడు గంటలు కూర్చుని నోట్సులో పట్టిక గీశారు: పట్టు, అరుగుదల, రూపాయికి ఎన్ని మైళ్లు.

"మాస్టారూ, మన గట్టుకి మెత్తదే మంచిదండి. వెనకాల అమ్మగారు కూర్చుంటారు," అన్నాను.

"ఆయ్, మీరన్నది నిజమేనండి. కానీ దాంట్లో మైళ్లు తక్కువొస్తున్నాయి కదండీ," అని గట్టిదే బిగించుకున్నారు.

రెండు వారాలకు తిరిగొచ్చారు. బండి జారిందట. ఎలాగో కాళ్లు ఆన్చి ఆపుకున్నారట. చెప్తే విన్నారు కాదని సణిగి, మెత్తనిది వేశాను. అదీ జారింది. నాకు తిక్క రేగింది. గాలి చూశాను. గాలి ఎక్కువైతే టైరు ఉబ్బి నేలకు తక్కువగా ఆనుతుంది. సరిగ్గానే ఉంది. బ్రేకు చూశాను, రిమ్ము తిప్పి చూశాను. ఎక్కడా తప్పు లేదు. ఈలోగా మాస్టారు ఆ పట్టికను బడిలోనూ టీ కొట్టులోనూ అందరికీ చూపించారు. సత్యం గారి టైర్లు రెండు రకాలూ జారతాయని ఊరంతా అనుకుంది. తెలిసినవాళ్లే నా కొట్టు దాటి వేరే కొట్టుకి పోసాగారు.

రాజమండ్రి నుంచి లోతు గాడుల టైరు తెప్పించి బిగించాను. "ఇది కూడా జారితే నేను కొట్టు మూసేస్తానండి," అన్నాను. అంత మాట అనకుండా ఉండాల్సింది.

తరువాతి సోమవారం సువార్తమ్మ గారు రిక్షాలో దిగారు. మోచేతికి కట్టు. వెనకాలే మాస్టారు బండి మీద వచ్చారు. ముందు రోజు గట్టు మలుపులో ఇద్దరూ పడిపోయారట. ఇంకో అడుగు అయితే కాలువే.

"అన్నయ్య గారూ, లోపల బిడ్డకి ఏం కాలేదని డాక్టరమ్మ గారు చెప్పేరు. నాకు టైర్ల కబుర్లు వద్దండి. నేను ఈయన బండి ఎక్కాలా, మానెయ్యాలా? ఆ ఒక్కటీ చెప్పండి," అన్నారావిడ.

మాస్టారి చేతిలో ఆ నోట్సు ఉంది. అన్నాళ్లూ ఆ పట్టికను తిట్టుకోవడమే గాని ఒక్కసారీ చదవలేదు. అప్పుడు లాక్కుని చూశాను. ఆయన ప్రతిదీ రాసే మనిషి కదా, బండి జారిన ప్రతిసారీ తేదీ, దాని పక్కన వారం కూడా రాశారు. మూడు టైర్లు, మూడుసార్లు జారడం, మూడూ ఆదివారాలే.

"మిగతా ఆరు రోజులూ జారని టైరు ఆదివారమే ఎందుకు జారిందండీ? ఆ రోజు పొద్దున్న ఏం చేస్తారు?"

"చర్చికి వెళ్తామండి."

"అంతకుముందు?"

"బండి శుభ్రంగా కడుగుతానండి. టైర్లకి కొబ్బరినూనె రాస్తానండి."

"ఎక్కడ రాస్తారు?"

"చుట్టూతానండి. గాడుల్లోకి దిగేలాగ, గుడ్డతోటి."

మర్నాడు గట్టు మట్టిలో తిరిగేసరికి ఆ నూనె పోతుంది. అందుకే వారమంతా క్షేమం. నాకు ఒళ్లు మండిపోయింది. "కొబ్బరినూనె తలకి రాసుకుంటారండి! టైరుకి రాయమని మీకెవరు చెప్పేరు?" అని అరిచాను. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూశారు.

మాస్టారు నొచ్చుకోలేదు. నా వెనక గోడ వైపు చూపించారు. "మీరేనండి. నేను మొదటిసారి వచ్చినప్పుడు వాటికి రాస్తున్నారు కదండీ. రబ్బరుకి మంచిది కాబోలనుకున్నానండి."

గోడకు వేలాడుతున్న టైర్లు నల్లగా నిగనిగలాడుతున్నాయి. నిజమే, రాస్తున్నాను. నిలవున్న టైరు బూడిదరంగుకు తిరుగుతుంది. కొత్తగా కనబడాలని సైడ్ వాల్‌కి, అంటే పక్క భాగానికి మాత్రమే, నేలకు ఆనే చోట తగలకుండా రాసేవాణ్ని. నూనె రబ్బరుకు మంచిది కాదని తెలిసీ రాసేవాణ్ని. మూడు గంటలు నా ఎదురుగా కూర్చున్న మనిషికి కాంపౌండు గురించి చెప్పాను, ట్రెడ్డు గురించి చెప్పాను. నా చేతిలో ఆ నూనెగుడ్డ ఎందుకుందో చెప్పలేదు.

"ఈయన్ని తిట్టిన తిట్లలో సగం మీవండి, అన్నయ్య గారూ. తీసుకోండి," అన్నారు సువార్తమ్మ గారు.

"తీసుకుంటానమ్మా," అన్నాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

సబ్బునీళ్లతో బండి రెండు టైర్లూ నేనే తోమాను. ఇక ఎక్కవచ్చు అన్నాను. ఆవిడ కదలలేదు. "ముందు మీరు కూర్చుని గట్టు దాకా వెళ్లి రండి," అన్నారు. వాన పడుతోంది. మాస్టారి వెనక కూర్చున్నాను. గట్టు మలుపులో కాలువ నీళ్లు చూసేసరికి ఆయన చొక్కా గట్టిగా పట్టుకున్నాను. ఆ తల్లి రోజూ ఎక్కడ కూర్చుని వస్తోందో అప్పుడు తెలిసింది. టైరు జారలేదు.

ఆ సాయంత్రం కొట్టులో ఉన్న టైర్లన్నీ కడిగేశాను. మర్నాటి నుంచి "పాత సరుకాండీ?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. "ఆయ్, కొంచెం పాతదేనండి," అనడం అలవాటు చేసుకున్నాను. అప్పటి నుంచి టైరు జారిందని ఎవరొచ్చినా, మీరేం చేశారని నేను ముందు అడగను. నా కొట్టులో మీరేం చూశారని అడుగుతాను.