పొద్దుగాల మొకం, పొద్దుమీకి కాళ్లు

మొన్న మంగళవారం పొద్దున ఏడు గంటలకు ఆసిఫాబాద్ నుంచి ఫోన్ వచ్చింది. మా పక్కింటి సిస్టరమ్మ చనిపోయారని ఆమె కూతురు చెప్పింది. నిద్రలోనే పోయారట. వయసు డెబ్బై ఒకటి. ముప్పై ఏళ్లకు పైగా ఏఎన్ఎంగా, అంటే ఊళ్లు తిరిగే సర్కారు నర్సుగా, పని చేశారు. అందులో ఎక్కువ కాలం బోథ్, ఇచ్చోడ చుట్టుపక్కల పల్లెల్లోనే గడిచింది. రిటైరయ్యాక కరీంనగర్‌లో మా గోడకు ఆనుకున్న ఇంట్లో తొమ్మిదేళ్లు ఉన్నారు. పోయిన దసరా తర్వాతే కూతురి దగ్గరికి వెళ్లారు.

ఫోన్ పెట్టేసి అవ్వకు చెప్పాను. మా అమ్మను మేం అవ్వ అనే పిలుస్తాం. "బండి మాట్లాడు, పోదాం" అంది.

సిస్టరమ్మ కుడి బొటనవేలి గోరు మిగతా గోళ్లకంటే ఎప్పుడూ పొట్టిగా ఉండేది. ఎవరైనా కాళ్లు వాచాయంటే ఆ వేలితో మోకాలి కింద ఎముక మీద ఒత్తి, మనసులో పది లెక్కపెట్టి, తీసి చూసేవారు. గోరు గుచ్చుకోకూడదని అంత పొట్టిగా కత్తిరించుకునేవారు. వేలు తీశాక గుంత అలాగే నిలిచిపోతే ఒంట్లో నీరు చేరుతోందని అర్థం. అది గుండె వల్లనా, మూత్రపిండాల వల్లనా, కాలేయం వల్లనా, మింగే మందుల వల్లనా అన్నది వేలు చెప్పదు. ఆమె కూడా చెప్పేవారు కాదు. "నా ఏలు రోగం చెప్పది. డాక్టర్ దగ్గరికి ఉరకాల్నా, ఆరాంగ పోవాల్నా, గదే చెప్తది" అనేవారు.

అయిదేళ్ల కిందట అవ్వ కాళ్లు వాచాయి. మా వైపు కాలు వాచిందంటే మొదట నోటికి వచ్చే మాట బోదకాలు. దాని మాత్రలు పంచే కార్యక్రమం గురించి నేనే ఎన్నోసార్లు వార్త రాశాను. అవ్వ అదే అనుకుంది, తర్వాత ఆమె కాళ్లు చూసి నేనూ అదే అనుకున్నాను. ఆ పేరు ఒకసారి పడితే ఇంటికే అంటుకుంటుందని అవ్వ చీర కుచ్చిళ్లు మడమల కిందికి దించి కట్టడం మొదలుపెట్టింది. నాకు తెలిసేసరికి నెల దాటింది. మోకాళ్ల నొప్పులు కూడా ఉన్నాయి కదా అని ఎముకల డాక్టరుకు చూపించాను. ఆయన ఎక్స్‌రే తీయించి కీళ్లు అరిగాయన్నారు. అది నిజమే. వాపు గురించి మేం అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఒకరోజు పొద్దున నల్లా దగ్గర సిస్టరమ్మ అవ్వ ముఖం చూశారు.

"ఏందక్కా, కండ్ల కింద గట్ల ఉబ్బింది?"

"నిద్ర ఎక్కువైంది సిస్టర్."

"నిద్రకు ఒక్కనాడు వాస్తది. నిన్న గూడ గిట్లనే ఉండె, మొన్న గూడ ఉండె. జర కుచ్చిళ్లు లేపు."

"సిగ్గులేదా, నడిబజార్ల!"

"ముప్పై ఏండ్లు సర్కారు జీతం తిన్నదే ఆడోళ్ల కుచ్చిళ్లు లేపి. నువ్వు లేపుతవా, నన్ను లేపుమంటవా?"

అక్కడే, బిందెల మధ్య కూర్చుని రెండు కాళ్లూ ఒత్తి చూశారు. తర్వాత బిందె కూడా నింపుకోకుండా మా ఇంటికొచ్చి నన్ను లేపారు.

"ఏం పేపరాయనా, ఊరందరి వార్తలు రాస్తవ్, మీ అవ్వ మొకం సూసి ఎన్ని దినాలైంది?"

బోదకాలు కదా అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపారు. బోదకాలు చాలామందికి ఒక కాలితో మొదలవుతుంది, పాతబడే కొద్దీ చర్మం మందమై గట్టిపడుతుంది, అవ్వకు రెండు కాళ్లూ ఒకే తీరుగా మెత్తగా ఉబ్బాయి, పైగా ముఖం కూడా ఉబ్బింది అని చెప్పారు. "పొద్దుగాల మొకం సూడాలె, పొద్దుమీకి కాళ్లు సూడాలె. రెండూ ఉబ్బితె ఇంట్ల కూసోవద్దు." మూత్రం నురగ వస్తోందా అని అవ్వను అడిగారు. వస్తోందని అవ్వ ఒప్పుకుంది. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది.

ఏ డాక్టర్ అన్నది తర్వాతి ప్రశ్న. నా ఫోన్‌లో కరీంనగర్ ఆస్పత్రుల నంబర్లు చాలా ఉన్నాయి. కాళ్ల రక్తనాళాల స్పెషలిస్టు ఎవరో కనుక్కుంటానన్నాను. ఆమె జనరల్ ఫిజీషియన్ దగ్గరికి పోవాలన్నారు.

"జనరల్ డాక్టర్ ఏం చూస్తడు సిస్టరమ్మా? పెద్ద డాక్టరుకే చూపిద్దాం."

"జనరల్ అంటె రైల్ల జనరల్ డబ్బ అనుకున్నవా? గాయన గూడ పెద్ద చదువే చదివిండు. కాలు సూసేటోడు కాలే సూస్తడు. నీళ్లు ఎక్కడికెల్లి వస్తున్నయో తెల్వాలంటె మనిషిని మొత్తం సూసేటోడు కావాలె."

ఆ తర్వాత ఆమె చేసిన పని నేను పాతికేళ్ల విలేకరి ఉద్యోగంలో ఎప్పుడూ చేయలేదు. ఫిజీషియన్ల పేర్లు మూడు రాసుకుని, అదే రోజు ఒక్కో క్లినిక్ బయట బల్ల మీద గంటసేపు కూర్చున్నారు. ఫీజు, పేరుప్రఖ్యాతులు అడగలేదు. గదిలోంచి బయటికి వచ్చిన ప్రతి మనిషినీ ఒకటే అడిగారు: "సారు నిన్ను ముట్టిండా?" మొదటి చోట నలుగురిలో నలుగురూ ముట్టలేదన్నారు. రెండో చోట చెయ్యి పట్టి చూశాడన్నారు. మూడో చోటికి నన్నూ తోలుకుపోయారు. లోపలి నుంచి ఒక పెద్దావిడ కోపంగా వస్తోంది.

"ముట్టుడేంది బిడ్డా! మంచం మీద పండుకోబెట్టి పొట్ట ఒత్తిండు, మెడ సూసిండు, కాళ్లు ఒత్తిండు. ఉప్పు తింటున్నవా అని నన్ను గింతసేపు తిట్టిండు."

సిస్టరమ్మ నా వైపు తిరిగి, "అవ్వ పేరు మీద చిట్టీ రాపియ్యి. ఈయన పనికొస్తడు" అన్నారు.

ఆ డాక్టర్ అవ్వను దాదాపు అరగంట చూశారు. పడుకుంటే ఆయాసం వస్తుందా అని అడిగారు. మూత్రం, రక్తం పరీక్షలు రాశారు. ఇప్పుడు ఏం మందులు వాడుతున్నారని అడిగితే ఏమీ లేవని అవ్వ చెప్పింది. పక్కన కూర్చున్న సిస్టరమ్మ అవ్వ చేతిసంచి తీసి బల్ల మీద బోర్లించారు. తమలపాకులు, దారం ఉండ, చిన్న కత్తెర, రెండు నొప్పి మాత్రల పట్టీలు పడ్డాయి.

"మరి గివేంది?" అన్నారు డాక్టర్.

"గవి నొప్పుల గోలీలే గద సారు. రోగం గోలీలు గావు."

అవ్వ అబద్ధం చెప్పలేదు. మా వాడలో అవ్వలాగా బీడీలు చేసే ఆడవాళ్లందరి లెక్కా అదే. పొద్దున్నుంచి ఒళ్లో చాట పెట్టుకుని వంగి కూర్చుంటే నడుము, మోకాళ్లు పట్టేస్తాయి. ఆకు, తంబాకు పక్కనే చాటలో నొప్పి మాత్రల పట్టీ ఉంటుంది. ఒకరు చింపుకుని పక్కవాళ్లకు ఇస్తారు, వక్కాకు ఇచ్చినట్టే. అది మందు అని ఎవరూ అనుకోరు. అవ్వ రోజుకు రెండు చొప్పున ఎన్నేళ్లుగా మింగిందో ఆమెకే గుర్తు లేదు.

పరీక్షల్లో మూత్రంలో ప్రొటీన్ పోతున్నట్టు తేలింది. మూత్రపిండాలు సగానికి కొంచెం తక్కువగా పని చేస్తున్నాయని డాక్టర్ చెప్పారు. పోయింది తిరిగి రాకపోవచ్చు, ఆ మాత్రలు ఇవాళే ఆపితే ఉన్నది నిలబడవచ్చు, ఆపకపోతే డయాలసిస్ దాకా పోతుంది. కిడ్నీ డాక్టరుకు ఉత్తరం రాసిచ్చి, తిరిగి తన దగ్గరికే రమ్మన్నారు.

మాత్రలు ఆపడం అవ్వకు కష్టమైంది. మొదటి రెండు వారాలు నొప్పికి ఏడ్చింది. సిస్టరమ్మ రోజూ రెండు పూటలా వచ్చేవారు. వేడినీళ్ల కాపడం పెట్టేవారు, తిట్టేవారు, పొద్దున ముఖం, సాయంత్రం కాళ్లు చూసి వెళ్లేవారు. ఒకసారి దిండు కింద దాచిన పట్టీ దొరికింది. "అక్కా, దొంగతనం నీతోటి గాదు" అని దాన్ని కొంగున కట్టుకుని పోయారు. తర్వాత బీడీలు చేసే ఆడవాళ్ల మధ్యకు వెళ్లి కూర్చుని ఒక్కొక్కరి కాలూ ఒత్తారు. ఇద్దరిని అదే డాక్టర్ దగ్గరికి పంపారు. అవ్వ వాపు మెల్లగా దిగింది, డయాలసిస్ అవసరం ఇప్పటికీ రాలేదు.

ఇంత పట్టుదల ఎందుకని ఒకసారి అడిగాను. చాయ్ తాగుతూ, గొంతు మార్చకుండా చెప్పారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో బోథ్ దగ్గరి ఒక పల్లెలో నిండు చూలాలు కాళ్లు ఉబ్బాయని చూపించింది. తలనొప్పి కూడా ఉందంది. "కాన్పు ముంగట అందరికి ఉబ్బుతయి, ఫికర్ చెయ్యకు అన్న. నేనే అన్న." మూడో రోజు ఆమెకు ఫిట్స్ వచ్చాయి. ఎడ్లబండి మీద వాగు దాటేలోపు తల్లీ బిడ్డా పోయారు. "అప్పటిసంది ఫికర్ చెయ్యకు అన్న మాట నా నోట్లకెల్లి రాలే" అన్నారు. గ్లాసు కడిగి బోర్లించి వెళ్లిపోయారు. ఆ సంగతి మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

ఎవరైనా దండం పెడితే ఆమెకు నచ్చేది కాదు. "డాక్టర్‌కు పెట్టు. నేను బల్ల మీద కూసున్న, గంతే" అనేవారు.

మంగళవారం మంచిర్యాల మీదుగా వెళ్లి, అంత్యక్రియలు చూసుకుని, పొద్దుగూకకముందే కరీంనగర్ తిరిగొచ్చాం. చావింటి నుంచి వచ్చాం కాబట్టి కాళ్లు కడుక్కుని లోపలికి పోవాలి. నేను బకెట్ తెచ్చాను. చెయ్యి అందించబోతే వద్దంది. గోడ పట్టుకోకుండా నిలబడి, చెంబుతో ఒక కాలి మీద, తర్వాత రెండో కాలి మీద నీళ్లు పోసుకుని గడప దాటింది. ఎండాకాలం కదా, లోపలి బండలు ఇంకా వేడిగానే ఉన్నాయి. వాటి మీద తడి అడుగులు పడ్డాయి. సన్నటి మడమ, నడుమ పాదం వంపు, ముందు అయిదు వేళ్లు విడివిడిగా. గడప దగ్గరి అడుగు ఆరిపోయింది. దాని తర్వాతది ఆరుతోంది. వాటిని తొక్కకుండా నేను కొంచెం సేపు బయటే నిలబడ్డాను.