దేవదానం దగ్గరున్న నా ఫియట్టు

నా ఫియట్టు కారు రేపల్లెలో దేవదానం ఇంటి ముందు ఉంది. దాన్ని వెనక్కి తెచ్చుకోవాలని మొన్న ఆదివారం పొద్దున్నే తెనాలి నుంచి బయల్దేరాను. దాన్ని అమ్మింది నేనే, కాదనను. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు దేవదానం ఎవరో చెప్పాలి, ఎందుకంటే అతని గురించి నలుగురిలో ఒక మంచి మాట చెప్పడానికి నాకు ఇన్నేళ్ళూ నోరు రాలేదు.

తెనాలిలో నాకు చిన్న ప్రసూతి ఆస్పత్రి ఉండేది. పది మంచాలు, ఇద్దరు నర్సులు, ఒక ఆయా. ఎనభై ఆరులో సెకండ్ హ్యాండు ఫియట్టు కొన్నాను. మీగడ రంగు. గేరు స్టీరింగు పక్కనే ఉండేది. ముందు సీటు బెంచీలాగా ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒకటే. మా ఆయన శాలేమురాజు బాపట్లలో హైస్కూలు మాస్టారు, ఆయనకు సైకిలు తప్ప ఇంకేదీ తొక్కడం, నడపడం రాదు. నాకూ రాదు. మా పాస్టరు గారు ఒక మనిషిని పంపారు. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చొక్కాకు మెడ దాకా బొత్తాలు పెట్టుకుని వచ్చాడు. పేరు దేవదానం, ఊరు రేపల్లె, వయసు ఇరవై ఆరు, అంతకుముందు ఇటుకల లారీ నడిపేవాడట. నాకు నమస్కారం పెట్టి, జీతం సంగతి కూడా ఎత్తకుండా, ముందు బండి చూస్తానండి అని బానెట్టు తెరిచాడు. అరగంట అందులోనే తల పెట్టుకుని ఉన్నాడు. ఆ అరగంట నేను వరండాలో నిలబడే ఉన్నాను.

కారు అతని మాట వినేది. చలికాలం పొద్దున ఇంజను రాజుకోవడానికి చోక్ ఎంత లాగాలో, ఎప్పుడు వదలాలో అతనికే తెలుసు. ఒకసారి అతను జ్వరంతో రాకపోతే పక్క వీధి నుంచి ఇంకో డ్రైవరును పిలిపించాను. గంటసేపు కుస్తీ పట్టి, ఈ బండి నావల్ల కాదు డాక్టరమ్మా అని వెళ్ళిపోయాడు. మర్నాడు దేవదానం వచ్చి తాళం తిప్పాడు, కారు కదిలింది. నాకు సంతోషం కలగాలి. కోపం వచ్చింది.

మా అబ్బాయి జాన్ బాబు మొదటిసారి స్టీరింగు పట్టుకున్నది దేవదానం ఒళ్ళో కూర్చుని. బడిలో 'మా నాన్న' అని వ్యాసం రాయమంటే, వీడు ఒక పేజీ వాళ్ళ నాన్న గురించి, రెండు పేజీలు దేవదానం గురించి రాసుకొచ్చాడు. మా ఆయన దాన్ని అందరికీ చదివి వినిపించి నవ్వారు. అందులో అమ్మ గురించి ఏమీ లేదేమని నేను అడిగితే, అమ్మ గురించి అడగలేదు కదా అన్నాడు వాడు. న్యాయమే. అయినా ఆ రాత్రి అన్నం సయించలేదు.

తొంభైలో మే నెల తుఫాను వచ్చినప్పుడు వేమూరు దగ్గర కాలువ గట్టున ఒక గర్భిణి ఇరుక్కుపోయిందని కబురొచ్చింది. పేరు కోటేశ్వరమ్మ. రోడ్డు మీద మోకాలి లోతు నీళ్ళు. దేవదానం ఫ్యాను బెల్టు ఊడదీసి, ఇంజను మీద నీళ్ళు చిమ్మకుండా ప్లాస్టిక్ కవర్లు కట్టి, మొదటి గేరులోనే పోయి, మొదటి గేరులోనే ఆమెను తీసుకొచ్చాడు. బిడ్డ అడ్డం తిరిగి ఉంది. రెండున్నర గంటలు నేను పడ్డ పాట్లు నాకే తెలుసు. తల్లీ బిడ్డా దక్కారు. వారం తర్వాత కోటేశ్వరమ్మ అత్తగారు అరటిగెల తీసుకొచ్చి, మనవడికి పేరు పెట్టేశామండి అని చెప్పింది. ఏం పేరన్నాను. దేవదానం అంది. వాళ్ళు గుడికి పోయేవాళ్ళు, ఇంట్లో వెంకటేశ్వర స్వామి పటం ఉన్నవాళ్ళు, అయినా బిడ్డకు ఆ పేరే పెట్టుకున్నారు. నొప్పులు పడింది ఆమె, బిడ్డను తీసింది నేను, పేరు డ్రైవరుది. ఆ తర్వాత చుట్టుపక్కల ఇంకో ముగ్గురు దేవదానాలు పుట్టారు. నా చేతి మీద పుట్టిన వేల మంది ఆడపిల్లల్లో ఫ్లోరెన్స్ అని నా పేరుతో పిలిపించుకునేది ఒక్కతి కూడా లేదు.

ఇది కుళ్ళు. ఇంకో పేరు పెట్టి ఎందుకు చెప్పడం? చదువుకున్నదాన్ని, పది మంది దణ్ణం పెట్టేదాన్ని, నా దగ్గర జీతానికి పనిచేసే మనిషిని చూసి కుళ్ళుకున్నాను.

తొంభై మూడులో అంబాసిడర్ కొన్నాను. తొంభై తొమ్మిదిలో తెల్ల వ్యాను. అంబాసిడర్ వెనక సీట్లో నిద్ర బాగా పట్టేది. వ్యాను పేషెంట్లకు పనికొచ్చేది. కానీ నాకిష్టమైనది ఫియట్టే, దేవదానానికి కూడా అదే. ఇద్దరికీ ఒకే కారు మీద మనసుంటే ఎవరిదో ఒకరిదే అవుతుంది. ఊళ్ళో జనం దాన్ని ఎప్పుడో తేల్చేశారు. 'దేవదానం కారు వచ్చింది' అనేవాళ్ళు. రెండు వేల ఒకటిలో బాపట్లలో మా ఆడపడుచు కూతురి పెళ్ళికి వెళితే, పందిట్లో ఎవరో, 'దేవదానం కారు ఆగింది, లోపల డాక్టరు గారున్నారేమో చూడండి' అని కేకేశారు. కారు దిగుతూ ఆ మాట నా చెవులతో విన్నాను. అక్షింతలు వేసి, భోజనం చేయకుండా వచ్చేశాను.

ఆ నెలలోనే ఫియట్టు అమ్మకానికి పెట్టాను. దేవదానం అడిగింది ఒకే ఒక్క మాట. ఇచ్చేసేటట్టయితే నాకు చెప్పండి అమ్మగారూ, నేను తీసుకుంటాను అన్నాడు. చూద్దాంలే అన్నాను. చీరాలలో బట్టల వ్యాపారం చేసే పేరయ్య గారికి ఇచ్చేశాను. దేవదానానికి చెప్పలేదు. చెప్పకపోగా, చీరాల వెళ్ళి ఆయనకు అప్పజెప్పి రమ్మని తాళాలు అతని చేతిలోనే పెట్టాను. తీసుకెళ్ళాడు. రైల్లో తిరిగొచ్చాడు. మర్నాడు ఎనిమిదింటికల్లా వచ్చి వ్యాను అద్దాలు తుడుస్తున్నాడు. ఏమన్నా అంటాడేమోనని ఆ వారమంతా ఎదురు చూశాను. ఏమీ అనలేదు. అంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

రెండు వేల పద్దెనిమిదిలో ఆస్పత్రి మూసేశాను. దేవదానం రేపల్లె వెళ్ళిపోయాడు. నేను ఆ మరుసటి నెలే డ్రైవింగు స్కూల్లో చేరాను, అరవై ఆరేళ్ళ వయసులో. అతను లేకుండా నా కారు కదలగలదని ఎవరికో చూపించాలి కదా. క్లచ్చు లేని చిన్న కారు కొనుక్కున్నాను. మా వీధి గేటుకు రెండు సార్లు గీసుకుంది, అంతే.

పోయిన నెల జాన్ బాబు ఫోనులో ఒక ఫోటో పంపాడు. వాడు వడ్లమూడి యూనివర్సిటీలో పాఠాలు చెబుతాడు, పనిమీద రేపల్లె వెళ్ళాడట. ఫోటోలో నా ఫియట్టు. అదే మీగడ రంగు, అదే గ్రిల్లు, మెరిసిపోతోంది. పక్కన దేవదానం, జుట్టంతా తెల్లబడింది, చొక్కాకు మెడ దాకా బొత్తాలు. 'అమ్మా, గుర్తుందా?' అని కింద రాశాడు వెధవ. నాకు నాలుగు రోజులు నిద్ర లేదు. ఇరవై నాలుగేళ్ళు ఆ కారు ఊసే ఎత్తనిదాన్ని, అది అతని ఇంటి ముందు కనపడేసరికి నాకు కావలసివచ్చింది. చెల్లించడానికి ఎంతైనా సిద్ధపడ్డాను.

వేమూరు మీదుగా నేనే నడుపుకుంటూ వెళ్ళాను. ఏం మాట్లాడాలో దారంతా వల్లెవేసుకున్నాను. రేకుల షెడ్డు కింద కారు ఉంది. దేవదానం పరుగున ఎదురొచ్చి కుర్చీ వేశాడు. నేను కూర్చోకుండా కారు చుట్టూ తిరిగాను. పేరయ్య గారు పోయాక అది మగ్గాల షెడ్డులో మూలపడి ఉందని, దారపు పెట్టెలు పేర్చి ఉంటే కప్పు సొట్టలు పోయిందని చెప్పాడు. బాపట్లలో అంద్రెయ అనే మెకానిక్కు దాన్ని బాగుచేయడానికి మూడేళ్ళు పట్టిందట. ఈ మూడేళ్ళూ ప్రతి గురువారం ఇతను బస్సెక్కి బాపట్ల వెళ్ళి, పక్కన కూర్చుని సాయంత్రం దాకా చూసి వచ్చేవాడట. నేను బాపట్లలో మా ఇంటికి కూడా అన్నిసార్లు వెళ్ళి ఉండను.

ఇక దాచకుండా అడిగేశాను. నీకూ వయసైపోయింది దేవదానం, ఈ కారు నాకిచ్చెయ్యి, ఎంతంటే అంత ఇస్తాను అన్నాను. అతను చేతులు కట్టుకుని నేల చూపులు చూశాడు.

"నన్నడిగితే ఎట్టాగండి అమ్మగారూ. బండి అన్నమ్మ పేరున ఉందండి."

అన్నమ్మ అతని భార్య. పెళ్ళయిన కొత్తల్లో రెండు మూడు సార్లు చూశాను. అతను తెనాలిలో గదిలో ఉంటే ఆమె ఇక్కడే అత్తగారి దగ్గర ఉండి, బడిలో ఆయాగా చేసింది. కారు కొన్నది, బాగు చేయించింది ఆమె రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతోనట. ఆదివారం ప్రార్థనకు గుడికి తయారై, చీరాల నేత చీర కట్టుకుని కాఫీ గ్లాసుతో బయటికొచ్చింది. మా మాటలు లోపలికి వినపడ్డాయి కాబోలు, నేను మళ్ళీ అడగవలసిన పని లేకపోయింది.

"ఇయ్యనండి" అంది, గ్లాసు నా చేతికిస్తూ. "మీరు మనసులో పెట్టుకోకపోతే ఒక మాట చెప్తానండి. మా పెద్దమ్మాయిని కనడానికి నేను ఇక్కణ్ణించి మీ ఆస్పత్రికి బస్సులో వచ్చాను. వేమూరు దాటాక బస్సులోనే ఉమ్మనీరు పోయింది. ఆడవాళ్ళు చుట్టూ అడ్డం నిలబడ్డారండి. తెనాలిలో దిగి రిక్షాలో మీ గేటు దగ్గరికొస్తే, ఈ కారు అక్కడే ఉంది. ఈయన దాన్ని తుడుస్తా ఉన్నారు."

నేను దేవదానం వైపు తిరిగాను. ఒక్క మాట అడిగితే పంపేదాన్ని కదా, ఎందుకు అడగలేదన్నాను.

"ఓనరు బండిలో డ్రైవరు తన మనుషుల్ని ఎక్కించకూడదండి" అన్నాడు. "లారీ నేర్పిన మేస్త్రీ మొదటి రోజే చెప్పాడండి. ఒకసారి ఎక్కిస్తే ఇంక బండి మనదనిపిస్తది అని."

అది నేను పెట్టిన నియమం కాదు. అలాంటిదొకటి ఉందని కూడా నాకు తెలియదు. కానీ ఆ కాన్పు గుర్తొచ్చింది. చీర తడిసిపోయి గుమ్మంలో నిలబడిన పిల్లను చూసి, ఇంత ఆలస్యంగానా వచ్చేది, డ్రైవరు పెళ్ళానివై ఉండి బుద్ధి లేదా అని అరిచింది నేనే. అతనూ వరండాలో నిలబడి ఆ మాట విన్నాడు.

"మీరు వెనక సీట్లో కూర్చుని పోతంటే చూసి కడుపు మండేదండి నాకు" అంది అన్నమ్మ, మామూలుగా, బియ్యం ధర చెబుతున్నట్టు. "మీరు దేవత లాంటివారని ఊరంతా అనేది. నాకు మాత్రం ఒళ్ళు మండేది. అందుకే కొనిపించానండి."

కాఫీ చల్లారిపోయింది. గుడికి వేళవుతోందని అన్నమ్మే గుర్తు చేసి, మీరూ రండి అమ్మగారూ, వెనక ఖాళీయే కదా అంది. అందులో దెప్పిపొడుపు ఏమీ లేదు, వెతికాను. నా కారు అక్కడే వదిలి వెనక సీట్లో కూర్చున్నాను. అన్నమ్మ ముందు ఎక్కింది. బెంచీ సీటు కదా, తలుపు పక్కకు కాకుండా దేవదానం వైపు కాస్త జరిగి కూర్చుంది.

కారు మెత్తగా కదిలింది. గేరు మారుస్తూ దేవదానం ఆమెతో ఏదో అన్నాడు. ఆమె పకపకా నవ్వి అతని భుజం మీద ఒక్కటి వేసింది. ఇంజను చప్పుడులో ఆ మాట నాకు వినపడలేదు. ముప్పై రెండేళ్ళు అతను నాకు కారు నడిపాడు. 'ఎక్కడికండి', 'వచ్చేశామండి' తప్ప నాతో ఇంకేం మాట్లాడాడో గుర్తు తెచ్చుకోబోయాను, ఏదీ దొరకలేదు. ఏమన్నావని ముందుకు వంగి అడుగుదామనుకున్నాను గానీ, అది నన్ను ఉద్దేశించి అన్న మాట కాదు. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. గుడి వచ్చేదాకా వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు.