తమ్ముడి గేమ్‌లో అయిపోని జాన్‌లు

తాండూరులో మా చిన్నప్పుడు... ఎండాకాలం మధ్యాహ్నాలు నేనూ, తమ్ముడు నవీనూ లోపలి అర్రలో చల్లటి నాపరాళ్ల మీద బోర్లా పడుకునేవాళ్లం. ఇద్దరికీ కలిపి ఒకే వీడియో గేమ్... చేతిలో పట్టుకుని ఆడేది. హైదరాబాద్ నుంచి బాబాయి తెచ్చిచ్చిన పాతది.

గేమ్‌లో ప్రాణాన్ని మేం 'జాన్' అనేవాళ్లం. మొత్తం మూడు జాన్‌లు. మూడూ పోతే గేమ్ పక్కవాళ్లకి ఇచ్చెయ్యాలి. మా ఇంట్లో అదొక్కటే రూలు. నాన్న కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వస్తూనే "ఇయ్యాల ఎవరి జాన్ పోయిందిరా?" అని అడిగి నవ్వేవాడు.

మొదట్లో వాడే బాగా ఆడేవాడు. నా వంతు వచ్చేదే కాదు. గిల్లేదాన్ని, అమ్మకి చాడీలు చెప్పేదాన్ని. వాడు మాత్రం తెర మీంచి కళ్లు తిప్పకుండా "ఆగక్కా, పోతలేదు గద" అనేవాడు...

తర్వాత వాడి కాళ్లు పట్టు తప్పాయి. మెట్లు ఎక్కలేడు, కింద కూర్చుంటే లేవలేడు. కండలు కరిగిపోయే జబ్బన్నారు. నెలకోసారి అమ్మ వాణ్ణి ఆస్పత్రికని తీసుకుని వికారాబాద్ రైలెక్కేది. నేనూ వెంటపడేదాన్ని, గేమ్ కోసమే.

కొన్నాళ్లకి జబ్బు వేళ్లలోకి వచ్చింది. రైలు తర్వాతి స్టేషన్ రుక్మాపూర్ చేరకముందే వాడి జాన్‌లు మూడూ అయిపోయేవి. గేమ్ నా ఒళ్లో పెట్టి కిటికీలోంచి చూసేవాడు. ఎప్పుడెప్పుడా అని ఎదురుచూసిన వంతు వచ్చేసరికి నాకు భయమేసింది.

వికారాబాద్ స్టేషన్ బయట పాత గేమ్ క్యాసెట్లు అమ్మే ఒకాయన ఉండేవాడు. ఆయన దగ్గర దొరికింది చీట్ డబ్బా. దాన్ని గేమ్‌కీ క్యాసెట్‌కీ మధ్యలో గుచ్చాలి. ఆన్ చేయగానే కోడ్ అడుగుతుంది. ఆయన చెప్పిన కోడ్ కొడితే ఎన్నిసార్లు గుంటలో పడ్డా జాన్ తగ్గదు! అమ్మ కొననంటే అక్కడే నేలమీద చతికిలబడి ఏడ్చాను. పండక్కి బట్టలొద్దన్నాను. చివరికి అమ్మ కొంగుముడి విప్పింది.

ఇంటికి రాగానే కోడ్ కొట్టి వాడి చేతిలో పెట్టాను. తెరమీది బొమ్మ గుంటలో పడింది... లేచింది. మళ్లీ పడింది... మళ్లీ లేచింది. పైన మూడు జాన్‌లు అలాగే ఉన్నాయి. అమ్మ కూడా పొయ్యి దగ్గర్నుంచి లేచొచ్చి చూసింది. కొంగుతో మొహం తుడుచుకుంటూ "ఇంకోసారి పడెయ్ బిడ్డా, చూస్త" అంది వాడితో. ఆ గొంతులో ఆశ నాకిప్పటికీ వినిపిస్తుంది.

వారం కూడా ఆడలేదు వాడు. ఒకరోజు గేమ్ నా వైపు తోశాడు.

"గా డబ్బా తీసెయ్ అక్కా."

"ఎందుకురా? గిప్పుడు నీ జాన్ పోనే పోదు గద!"

"నా జాన్ పోకుంటే... నీ వంతు ఎప్పుడొస్తదే?"

"నాకు వంతొద్దురా, నువ్వే ఆడు" అన్నాను. వింటేనా! నాతోనే డబ్బా పీకించాడు. బొటనవేలు బటన్ మీద నిలవకపోయినా ఆ మూడింటితోనే ఆడాడు. మూడూ పోయాక "ఇగ నీదే" అన్నాడు, ఏదో పెద్ద పని తీరినట్టు.

పదో తరగతి పరీక్షలు రాయకుండానే వెళ్లిపోయాడు.

ఆ రోజులు బంగారం అని ఈ గ్రూపులో అందరూ రాస్తుంటారు. నా వల్ల కాదు. మందు లేని జబ్బుకి స్టేషన్ బయట కోడ్ కొనుక్కొచ్చిన పిల్లని నేను... తల్చుకుంటే కోపం వస్తుంది, ఎవరి మీదో తెలీదు.

ఇప్పుడు మా పాప ఫోన్లో ఆడుతుంది. ప్రాణం పోతే ఒక ప్రకటన చూస్తే చాలు, ఇంకోటి వచ్చేస్తుంది. ఎవరి ఫోన్ వాళ్లదే... పక్కన కూర్చుని ఎదురుచూసే వాళ్లే లేరు.

మీతో ఆటకోసం కొట్టుకున్న తమ్ముడో చెల్లో ఉంటే కింద వాళ్ల గురించి రాయండి. వాళ్లింకా ఈ లోకంలో ఉంటే, రాసేముందు ఒక్కసారి వాళ్లకి ఫోన్ చేయండి... మా ఇంట్లో "ఒరేయ్ నవీన్" అని గట్టిగా పిలిచి ఎన్నేళ్లయిందో.